గోమార్లు, లైమ్ జబ్బు: అడవికి వెళ్లే హైదరాబాదీలు తరచుగా అడిగే ప్రశ్నలు

శని, ఆదివారాలు వస్తే వికారాబాద్ వైపో నల్లమల వైపో బయల్దేరే బ్యాచ్‌లు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి. వాళ్లలో చాలామందికి అమెరికాలో అన్నో చెల్లెలో ఉంటారు. అందుకే గోమారి (ఒంటికి అతుక్కుని రక్తం తాగే పురుగు, ఇంగ్లిష్‌లో టిక్) కాటు మీద మాట వచ్చిందంటే రెండు దేశాల భయాలు కలిసిపోతాయి. అనంతగిరిలో ఏదో కుట్టిందని లైమ్ టెస్ట్ రాయమని డాక్టర్ వెంట పడేవాళ్లు కొందరు. పెన్సిల్వేనియాలో జింకల వేటకు వెళ్లొచ్చి, "మన ఊళ్లో గేదెలకు పట్టేవే కదా" అని దులిపేసుకునేవాళ్లు ఇంకొందరు. ఇద్దరిదీ పొరపాటే. ఏ అడవిలో దేనికి భయపడాలో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. మందుల పేర్లు, డోసులు విషయం అర్థం కావడానికే రాశాను. డాక్టర్ రాయకుండా మెడికల్ షాపులో కొనుక్కుని మింగకండి.

అసలు మన దగ్గర వేటకు వెళ్లొచ్చా?

కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేట నేరం. పంటలు పాడుచేసే అడవి పందుల్లాంటి వాటి విషయంలో అటవీ అధికారులు ఇచ్చే అనుమతులు వేరే సంగతి, అవి వీకెండ్ షికారు కోసం ఇచ్చేవి కావు. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటే. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలను చూసి ఫొటో తీసుకోవడం వరకే. కాబట్టి కింద 'వేట' అన్నచోటల్లా అమెరికా, కెనడా, యూరప్‌లలో లైసెన్స్ తీసుకుని చేసే వేట అని చదువుకోండి. ఒక మాట: వీసా మీద ఉన్నవారు తుపాకీ పట్టుకోవడానికి అక్కడ ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. ఫ్రెండ్ రమ్మన్నాడని ఊరికే వెళ్లిపోకుండా ముందు అవి కనుక్కోండి.

లైమ్ జబ్బు అంటే ఏమిటి? ఆ పేరు ఎలా వచ్చింది?

కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్, ఓల్డ్ లైమ్ అనే చిన్న ఊళ్లు ఉన్నాయి. 1970లలో అక్కడి పిల్లలకు వరసగా మోకాళ్లు వాచి నొప్పులు రావడం మొదలైంది. మా పిల్లలకే ఎందుకు ఇలా అవుతోందని ఇద్దరు తల్లులు పట్టుబట్టి అడగడంతో 1975లో పరిశోధకులు వచ్చి చూశారు. దానికి కారణమైన బ్యాక్టీరియాను విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త గోమార్ల పొట్టలో గుర్తించారు. 1982లో ఆ సంగతి లోకానికి తెలిసింది. స్ప్రింగులా మెలికలు తిరిగి ఉండే ఆ బ్యాక్టీరియాకు ఆయన పేరు మీదే బొరీలియా బర్గ్‌డోర్ఫెరి అని పేరు పెట్టారు.

ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. దోమల వల్ల రాదు. ఇక్సోడిస్ అనే జాతి గోమారి కుట్టి, చాలాసేపు రక్తం తాగితేనే వస్తుంది. అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మందికి ఈ జబ్బు ఉందని చికిత్స చేస్తున్నట్లు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా.

జింకల నుంచే వస్తుందంటారు కదా?

సగం నిజం. అమెరికాలో దీన్ని 'డీర్ టిక్' అనే పిలుస్తారు. పెద్ద గోమార్లు జింకల మీదే రక్తం తాగి, జత కట్టి, గుడ్లు పెట్టడానికి నేలకు రాలుతాయి. కానీ బ్యాక్టీరియాకు ఇల్లు జింక కాదు, తెల్లకాళ్ల చిట్టెలుక. పిల్ల గోమారి ఆ ఎలుకను కుట్టినప్పుడు బ్యాక్టీరియా దాని పొట్టలోకి చేరుతుంది. తర్వాత దశలో అదే గోమారి మనిషిని కుడితే మనకు వస్తుంది. జింక గోమార్ల సంఖ్యను పెంచుతుంది, ఎలుక వాటికి జబ్బును అంటిస్తుంది. జింకలు లేవు కాబట్టి ఇక్కడ భయం లేదనుకుని ఎండుటాకుల కుప్ప మీద కూర్చోవడం మంచిది కాదని చెప్పడానికే ఇదంతా.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడికీ ప్రమాదమేనా?

టెక్సాస్‌లో లైమ్ చాలా తక్కువ. ఈ జబ్బు ఎక్కువగా ఉండేది ఈశాన్య రాష్ట్రాల్లో: న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్ వగైరా. మధ్యలో విస్కాన్సిన్, మిన్నెసోటా. మనవాళ్లు గుంపులుగా ఉండే న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల కూడా ఈ పటంలోకే వస్తుంది. కాలిఫోర్నియాలో మరో జాతి గోమారి ఉంది, అక్కడ జబ్బు ఉన్నా తక్కువే. అయితే టెక్సాస్, దక్షిణాది రాష్ట్రాల్లో వేరే గోమార్లున్నాయి. వాటిలో ఒకటి మనవాళ్లకు ప్రత్యేకంగా బాధ కలిగించే రకం. మటన్ తినేవాళ్లు కింద ఆ ప్రశ్న తప్పక చదవండి.

జింకల వేట నవంబర్‌లో కదా, ఆ చలికి పురుగులు బతుకుతాయా?

బతకడమే కాదు, కుడతాయి కూడా. ఇక్సోడిస్ గోమార్లకు రెండు సీజన్లు. మే నుంచి జులై వరకు రెండో దశ గోమార్లు, అంటే ఎలుకను కుట్టి వచ్చి ఇంకా పెద్దవి కానివి, తిరుగుతాయి. గసగసాల గింజంత ఉంటాయి కాబట్టి కనబడవు, ఎక్కువమందికి జబ్బు అంటించేది ఇవే. అక్టోబర్, నవంబర్ నెలల్లో పెద్దవి బయటికి వస్తాయి. ఇవి నువ్వు గింజంత ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. సరిగ్గా అప్పుడే జింకల వేట సీజన్. గడ్డకట్టే చలిలో ఆకుల కింద ముడుచుకుని, కాస్త ఎండ కాసి వెచ్చబడగానే గడ్డి కొసలకు ఎక్కుతాయి. మంచు పడిందిగా, ఇక పర్లేదు అన్న ధీమా పనికిరాదు.

ఇంకోటి: గోమారి ఎగరదు, దూకదు, చెట్టు మీది నుంచి పడదు. గడ్డి పరక కొసన వెనక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు చాచి ఎదురుచూస్తుంది. మనం రాసుకుని వెళ్తే అంటుకుంటుంది. అక్కడి నుంచి పైకి పాకుతుంది. తలలో దొరికిందంటే కాలి నుంచి అంతదూరం పాకి వచ్చిందని చాలాసార్లు అర్థం.

బట్టల సంగతి ఏమిటి? లేత రంగులు వేసుకోమంటారు, వేటగాళ్లు ఆకుపచ్చ మచ్చల బట్టలు వేసుకోవాలి కదా?

లేత రంగు మీద పురుగు పాకుతుంటే కనిపిస్తుందనేది ఆ సలహాలోని అసలు ఉద్దేశం. వేటలో అది కుదరదు. చాలా రాష్ట్రాల్లో తుపాకీ వేట సీజన్‌లో మెరిసే నారింజ రంగు జాకెట్ తప్పనిసరి కూడా. రంగు గొడవ వదిలేసి, బట్టల్లో సందులు లేకుండా చూసుకోండి. షర్ట్ ప్యాంట్‌లోకి, ప్యాంట్ సాక్స్‌లోకి దోపాలి. చూడ్డానికి కామెడీగా ఉంటుంది, కానీ పురుగు చర్మాన్ని చేరడానికి చాలా చుట్టు తిరగాల్సి వస్తుంది, ఈలోగా మీ కంట పడుతుంది. పొడవాటి రబ్బరు బూట్లు వేసుకుంటే ఇంకా మంచిది.

అనంతగిరి ట్రెక్‌కు షార్ట్స్, చెప్పులు వేసుకొచ్చేవాళ్లను ఎన్నోసార్లు చూశాను. ఫొటోలు బాగానే వస్తాయి, కాళ్ల సంగతి తర్వాత తెలుస్తుంది.

పెర్మెత్రిన్, డీట్ అంటారు. ఏది దేనికి?

పెర్మెత్రిన్ బట్టలకు, డీట్ ఒంటికి. దీన్ని తిరగేయకూడదు.

0.5 శాతం పెర్మెత్రిన్ స్ప్రేను బూట్లు, సాక్స్, ప్యాంట్, బ్యాగ్, టెంట్ మీద కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. వెళ్లే ముందు రోజే, ఆరుబయట ఈ పని చేయండి. ఇది పురుగును తరమడంతో ఆగదు, చంపుతుంది. ఇంట్లో కొట్టుకున్నది కొన్ని ఉతుకుల వరకు పనిచేస్తుంది, కంపెనీలో మందు పట్టించి అమ్మే బట్టలకైతే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. వాసనకు జింక పారిపోతుందేమోనని వేటగాళ్లు వెనకాడతారు. ఆరిపోయాక మనకు తెలిసే వాసన ఏమీ ఉండదు. ఒంటికి మాత్రం పూసుకోకూడదు. తడిగా ఉన్నప్పుడు పిల్లులకు ఇది విషం, ఇంట్లో పిల్లి ఉంటే ఆరేదాకా దగ్గరికి రానివ్వకండి.

ఒంటి మీద పూయడానికి 20 నుంచి 30 శాతం డీట్, లేదా 20 శాతం పికారిడిన్. మన షాపుల్లో దోమలకని అమ్మే క్రీముల్లో చాలావాటిలో మందు శాతం తక్కువ. డబ్బా వెనక చదివి, గోమార్లకు కూడా పనిచేస్తుందని రాసి ఉంటేనే నమ్మండి. వేప నూనె, కర్పూరం, వెల్లుల్లి తినడం లాంటి వాటిని నమ్ముకుని గోమార్ల అడవిలోకి వెళ్లమని నేనైతే చెప్పను.

కొట్టిన జింకను మోయడం, కోయడం వల్ల జబ్బు వస్తుందా? మాంసం తినొచ్చా?

ఉడికించిన మాంసం వల్ల లైమ్ రాదు. జింక రక్తం చేతికి అంటడం వల్ల వచ్చే జబ్బు కూడా కాదు. అసలు ప్రమాదం వేరే ఉంది. జింక ఒళ్లు చల్లబడేకొద్దీ దాని మీది గోమార్లు దిగిపోయి వెచ్చని ఒంటి కోసం వెతుక్కుంటాయి. అప్పుడు అందుబాటులో ఉండేది మీరే. జింకను భుజాన వేసుకుని ఫొటోకు పోజు ఇవ్వడం ఇందుకే మంచిది కాదు. లాగి తీసుకెళ్లండి. కోసేటప్పుడు గ్లవ్స్, పొడుగు చేతులు ఉండాలి. కారు డిక్కీలో వేసేటప్పుడు కింద టార్పాలిన్ పరిచి, నాలుగు అంచులూ మడిచి మూసేయండి. సీటు మీద, కార్పెట్ మీద రాలితే రెండు రోజుల తర్వాత ఇంట్లో పిల్లల మీద దొరుకుతాయి. గ్యారేజీలో వేలాడదీస్తే కింద నేల కూడా ఊడ్చాలి.

ఇవన్నీ చేయడం కష్టం. ఒక్కటే చెయ్యమంటే ఏది?

సాయంత్రం ఒళ్లంతా వెతుక్కోవడం. ఒక్క సలహాకే చోటుంటే నేను ఇదే రాస్తాను.

కారణం గోమారి తీరులోనే ఉంది. దోమ కుట్టి పోతుంది. గోమారి కొరికి, సిమెంట్ లాంటి జిగురుతో అతుక్కుని రోజుల తరబడి తాగుతుంది. బొరీలియా బ్యాక్టీరియా దాని పేగుల్లో నిద్రావస్థలో ఉంటుంది. వెచ్చటి రక్తం లోపలికి వెళ్లాకే మేల్కొని, పెరిగి, పేగు దాటి లాలాజల గ్రంథులకు చేరి అప్పుడు మన ఒంట్లోకి వస్తుంది. దీనికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది. 24 గంటల లోపే పీకేస్తే లైమ్ వచ్చే అవకాశం చాలా తక్కువ. ఇది తీరిగ్గా అంటుకునే జబ్బు. మీకు ఆ రాత్రంతా టైమ్ ఉంది, దాన్ని వాడుకోవడమే.

వచ్చిన రెండు గంటల్లోపు స్నానం చేయండి, అంటుకోని పురుగులు కొట్టుకుపోతాయి. అద్దం ముందు నిలబడి చంకలు, చెవుల వెనక, జుట్టు మొదళ్లు, బొడ్డు, నడుము పట్టీ కింద, గజ్జలు, మోకాళ్ల వెనక, కాలివేళ్ల సందులు చూడాలి. కంటికి కనపడనివి వేలికి తగులుతాయి, కొత్తగా లేచిన పులిపిరిలా. వీపు చూడటానికి ఇంకొకరు కావాలి. సిగ్గుపడే విషయం కాదు. పిల్లలకు తల దువ్వుతూ పేలు చూసినట్టే చూడండి.

బట్టలు ఉతికితే చాలదు. మామూలు నీళ్లలో గోమార్లు చావవు, వాటికి ఎండబెట్టే వేడి కావాలి. డ్రయర్ ఉంటే ఉతకకముందే, పొడి బట్టలనే పది నిమిషాలు గట్టి వేడి మీద తిప్పండి. డ్రయర్ లేని మన ఇళ్లలో బట్టలు లోపలికి తేకుండా బాల్కనీలో విప్పి, బాగా వేడి నీళ్లలో నానబెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేయడం మేలు.

అంటుకున్న గోమారిని ఎలా తీయాలి?

సన్నటి మొన ఉన్న ట్వీజర్ కావాలి. బ్యూటీ పార్లర్‌లో కనుబొమ్మలకు వాడే ప్లక్కర్ అయినా సరే. చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర, తల భాగాన్ని పట్టుకోండి, ఉబ్బిన పొట్టను కాదు. మెలితిప్పకుండా, కుదుపు లేకుండా, నిదానంగా నిటారుగా పైకి లాగండి. కొన్ని సెకన్లు పట్టొచ్చు. తర్వాత ఆ చోటుని, చేతుల్ని సబ్బుతో కడిగి స్పిరిట్ రాయండి.

ఇంట్లో పెద్దవాళ్లు కిరోసిన్ పోయమంటారు, సున్నం రాయమంటారు, అగ్గిపుల్ల అంటించమంటారు, నెయిల్ పాలిష్ పూయమంటారు. వద్దు అత్తయ్యా అని మర్యాదగా చెప్పేయండి. పురుగుకు ఊపిరాడక దానంతట అదే ఊడేదాకా కాచుకుంటే అంతసేపూ అది అక్కడే ఉంటుంది. ఇబ్బంది పడ్డ పురుగు పొట్టలోది వెనక్కి కక్కే ప్రమాదం కూడా ఉంది. గోళ్ల మధ్య చిదమడం గేదెలు కాసేవాళ్లకు అలవాటు, అదీ మంచిది కాదు. చిన్న జిప్ కవర్‌లో వేసి, తేదీ, ఊరు రాసి పెట్టుకోండి. లేదా టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయండి. ఫోన్‌లో దగ్గర నుంచి ఫొటో తీసుకుంటే డాక్టర్‌కు పనికొస్తుంది.

నోటి ముక్క లోపలే ఉండిపోయింది. ఆపరేషన్ కావాలా?

అక్కర్లేదు. సులువుగా వస్తే తీయండి, రాకపోతే వదిలేయండి. ముల్లు విరిగినట్టే చర్మమే దాన్ని బయటికి తోసేస్తుంది. సూదితో కెలికితే చీము పట్టడం తప్ప లాభం లేదు.

ముందు జాగ్రత్తగా మాత్ర వేసుకోవచ్చా?

అమెరికాలో ఉంటే, కొన్ని షరతులతో డాక్టర్లు ఒక్క డోసు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు, పెద్దలకు 200 మిల్లీగ్రాములు. లైమ్ ఎక్కువున్న రాష్ట్రమై ఉండాలి, ఇక్సోడిస్ గోమారి అని తేలాలి, రక్తం తాగి ఉబ్బి ఉండాలి లేదా 36 గంటలు దాటి అంటుకుని ఉండాలి, తీసి 72 గంటలు మించకూడదు. మూడు రోజుల గడువు కాబట్టి శుక్రవారం పీకి, ఇండియా ఫ్లైట్ ఎక్కి, జెట్‌లాగ్ తీరాక చూద్దాం అంటే సమయం అయిపోతుంది. అక్కడే అడిగి రండి.

తెలంగాణ అడవుల్లో కుట్టిన పురుగుకు ఈ లెక్క వర్తించదు.

మచ్చ ఎలా ఉంటుంది? బాణం గురి బోర్డులా వలయాలు ఉండాలా?

లైమ్ సోకినవాళ్లలో 70 నుంచి 80 శాతం మందికి కుట్టిన 3 నుంచి 30 రోజుల్లో మచ్చ వస్తుంది, సగటున వారానికి. నెమ్మదిగా రోజురోజుకూ పెద్దదవుతుంది. దురద, నొప్పి పెద్దగా ఉండవు. అందుకే వీపు మీదొస్తే తెలియదు. వలయాల మచ్చ ఇంటర్నెట్‌లో బాగా కనిపిస్తుంది గానీ, చాలామందికి ఒకే రంగులో పరుచుకున్న మచ్చే వస్తుంది.

ఇక్కడ మనవాళ్లకు ఒక చిక్కు ఉంది. పుస్తకాల్లో ఫొటోలన్నీ తెల్ల చర్మం మీద తీసినవి. చామనఛాయ ఒంటి మీద అది ఎర్రగా కనిపించదు. ఊదా రంగులోనో, గోధుమ రంగులోనో, కమిలిన దెబ్బలాగానో ఉంటుంది. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఈ జబ్బును ఆలస్యంగా గుర్తిస్తున్నారని అమెరికా పరిశోధనలే చెబుతున్నాయి. కాబట్టి రంగు కంటే పెరుగుదల చూడండి. మచ్చ అంచు చుట్టూ పెన్‌తో గీత గీసి, మర్నాడు గీత దాటిందేమో చూడటం మంచి పద్ధతి. కుట్టిన రోజే వచ్చి రెండు రోజుల్లో తగ్గే చిన్న ఎర్రదనం మామూలు దద్దురు, లైమ్ కాదు.

మచ్చతో పాటు జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి, నీరసం ఉండొచ్చు. పట్టించుకోకపోతే వారాలు, నెలల తర్వాత మూతి ఒకవైపు వంకర పోవడం, గుండె లయ తప్పడం, మోకాలు బాగా వాయడం కనిపిస్తాయి.

వెంటనే రక్త పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా?

తేలదు. ఆ పరీక్ష చూసేది మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను. అవి తయారవడానికి వారాలు పడుతుంది. మొదటి వారాల్లో నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. లైమ్ ఉన్న ప్రాంతం నుంచి వచ్చి, పెరుగుతున్న మచ్చ ఉంటే డాక్టర్లు రిపోర్ట్ కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. దానికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది: ఎప్పుడూ లైమ్ ప్రాంతానికి వెళ్లని మనిషికి ప్యాకేజీలో భాగంగా ఈ టెస్ట్ చేస్తే, వచ్చే పాజిటివ్ తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశమే ఎక్కువ. వేలకు వేలు పోసి భయాన్ని కొనుక్కోవడం తప్ప ఇంకేమీ కాదు.

చికిత్స మాత్రం సులువే. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ లేదా అమాక్సిసిలిన్ లాంటి మాత్రలు 10 నుంచి 14 రోజుల కోర్సుతో చాలామందికి నయమవుతుంది. కొందరికి నీరసం, నొప్పులు నెలల తరబడి ఉండిపోతాయి, అది నిజమే. కానీ అలాంటివారికి నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కించడం వల్ల మేలు జరగలేదని పరీక్షించి చూసిన అధ్యయనాలు తేల్చాయి.

అమెరికా నుంచి వచ్చాక హైదరాబాద్‌లో జ్వరం వచ్చింది. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మంచి జనరల్ ఫిజీషియన్ చాలు. ఉంటే ఇన్ఫెక్షియస్ డిసీజెస్ స్పెషలిస్ట్. ప్రభుత్వ ఆసుపత్రే అయితే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, గాంధీ, పంజాగుట్ట నిమ్స్ ఉన్నాయి. ఫీవర్ హాస్పిటల్ అసలు పేరు సర్ రొనాల్డ్ రాస్ మీద ఉంది. మలేరియా పరాన్నజీవిని దోమలో ఆయన కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే.

ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా వాళ్లు అడగకముందే చెప్పాల్సిన వాక్యం ఒకటుంది: "ఫలానా తేదీల్లో ఫలానా చోట అడవిలో తిరిగాను, గోమారి కుట్టింది." ఇక్కడి డాక్టర్లు రోజూ చూసేది డెంగీ, టైఫాయిడ్, మలేరియా. న్యూజెర్సీ మాట మీరు ఎత్తకపోతే లైమ్ వాళ్ల ఆలోచనలోకి రాదు, అది వాళ్ల తప్పు కాదు. లైమ్ ఉండి ఉండొచ్చని డెంగీ, మలేరియా పరీక్షలు మానేయకండి. వచ్చాక ఇక్కడ దోమ కుట్టి ఉండొచ్చు కూడా.

అనంతగిరి, అమ్రాబాద్, చిలుకూరు మృగవని... ఇక్కడ లైమ్ ఉందా?

మన దేశంలో వయనాడ్, హిమాచల్, ఈశాన్య రాష్ట్రాల నుంచి అడపాదడపా కేసులు రిపోర్ట్ అయ్యాయి. హైదరాబాద్ చుట్టుపక్కల తిరిగే మనిషి మొదట ఆలోచించాల్సిన జబ్బు ఇది కాదు. స్క్రబ్ టైఫస్.

దీన్ని అంటించేది గోమారి కాదు. కంటికి ఆననంత చిన్న, మైట్ అనే పురుగు పిల్ల. పొదలు, పొడవాటి గడ్డి, పొలం గట్లు, ఎలుకలు తిరిగే చోట్లు దాని నివాసం. వానలు పడ్డాక, గడ్డి ఏపుగా పెరిగిన నెలల్లో కేసులు పెరుగుతాయి. మనం ట్రెక్‌లకు ఎగబడేది కూడా అప్పుడే. కుట్టినట్టు తెలియదు. పది రోజుల అటూఇటూగా గట్టి జ్వరం, తలనొప్పి, కండరాల నొప్పులు మొదలవుతాయి. డెంగీ అనుకుని ప్లేట్‌లెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. ప్లేట్‌లెట్లు ఇందులోనూ తగ్గుతాయి, అదే అసలు మోసం. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది.

గుర్తు పట్టడానికి ఒక ఆధారం ఉంది. పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు. చంకల్లో, గజ్జల్లో, బెల్ట్ కింద, రొమ్ముల కింద దాక్కుని ఉంటుంది కాబట్టి రోగి చూడడు, డాక్టర్ బట్టలు తీసి చూడకపోతే ఆయనకూ కనపడదు. అందరికీ ఉండదు కూడా. మీకు కనిపిస్తే మొహమాటపడకుండా చూపించండి, ఆ ఒక్క మచ్చతో సగం నిర్ధారణ అయిపోతుంది. పరీక్ష కావాలంటే స్క్రబ్ టైఫస్ ఐజీఎం ఎలైజా అడగొచ్చు. పాత వైల్-ఫెలిక్స్ పరీక్ష ఇప్పటికీ చాలా ల్యాబుల్లో చేస్తారు గానీ అంత నమ్మకమైనది కాదు.

మందు మళ్లీ అదే డాక్సీసైక్లిన్. గర్భిణులకు సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. ఎంతో చవకైన ఈ మాత్రతో తరచుగా రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. ఇంత తేలిగ్గా లొంగే జబ్బుకు మనుషులు ఐసీయూ దాకా వెళ్లడం బాధ కలిగిస్తుంది. చాలాసార్లు కారణం ఒక్కటే, ఎక్కడ తిరిగామో ఎవరూ చెప్పకపోవడం.

నివారణ పైన చెప్పినదే: దోపిన బట్టలు, పెర్మెత్రిన్, డీట్, వచ్చాక స్నానం. దానికి తోడు గడ్డి మీద నేరుగా పడుకోకండి, బట్టలు పొదల మీద ఆరేయకండి.

జోగ్ ఫాల్స్, అగుంబె వెళ్తున్నాం. అక్కడ మంకీ ఫీవర్ అంటున్నారు?

క్యాసనూర్ అడవి జ్వరం. 1957లో శివమొగ్గ జిల్లాలో బయటపడింది, తర్వాత కేరళ, గోవా, మహారాష్ట్ర వైపు కూడా కనిపించింది. గోమార్ల వల్ల వచ్చే వైరస్ ఇది. డిసెంబర్ నుంచి మే వరకు ఎక్కువ. అడవిలో కోతులు చచ్చిపడి ఉన్నాయంటే వాటి మీది గోమార్లు చుట్టుపక్కల రాలి ఉంటాయని అర్థం. దగ్గరికి వెళ్లకుండా అటవీ సిబ్బందికి చెప్పి దారి మార్చండి. వైరస్ కాబట్టి డాక్సీసైక్లిన్ పనిచేయదు, ప్రత్యేకమైన మందూ లేదు. లక్షణాలను బట్టి ఆసుపత్రిలో చూసుకోవాలి. వెళ్లే ముందు అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరికలు ఏమైనా ఉన్నాయేమో కనుక్కుంటే చాలు.

గోమారి కుడితే మటన్ పడదంటున్నారు, జోకా?

జోక్ కాదు. అమెరికా దక్షిణ, తూర్పు రాష్ట్రాల్లో లోన్ స్టార్ అనే గోమారి ఉంది, ఆడదాని వీపు మీద తెల్ల చుక్క ఉంటుంది. అది కుట్టాక కొందరికి ఆల్ఫా-గాల్ అనే చక్కెర పదార్థం మీద అలర్జీ పుడుతుంది. ఆ పదార్థం మేక, గొర్రె, గొడ్డు, పంది, జింక మాంసాలన్నిటిలో ఉంటుంది. తిన్న వెంటనే ఏమీ కాదు. రెండు నుంచి ఆరు గంటల తర్వాత, అర్ధరాత్రి నిద్రలో దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు, కొందరికి ఊపిరాడకపోవడం. రాత్రి ఎనిమిదికి తిన్న మటన్ బిర్యానీకీ, ఒంటిగంటకు వచ్చిన దద్దుర్లకూ సంబంధం ఉందని ఎవరు మాత్రం అనుకుంటారు? నూనె బాగాలేదని హోటల్‌ను తిట్టుకుని ఊరుకుంటారు.

కోడి, చేప, రొయ్యలతో ఈ ఇబ్బంది ఉండదు. పాలు, నెయ్యి కొందరికి పడతాయి, కొందరికి పడవు. రక్త పరీక్షతో తెలుస్తుంది. మందు లేదు, మాంసం మానేయడమే. మళ్లీ గోమారి కుట్టకుండా చూసుకుంటే కొందరిలో ఏళ్లు గడిచాక తగ్గుతుంది. అప్పటిదాకా చికెన్ బిర్యానీతో సర్దుకోవాలి.

మా కుక్కకు ఎప్పుడూ గోమార్లే. వాటి వల్ల లైమ్ వస్తుందా?

హైదరాబాద్ కుక్కల మీద ఎక్కువగా ఉండేది గోధుమ రంగు కుక్క గోమారి. అది లైమ్ అంటించదు. అయితే కుక్కకు టిక్ ఫీవర్ తెస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోయి కుక్క చనిపోవచ్చు కూడా. మనుషులకు అరుదుగా మచ్చల జ్వరం తెప్పించే బ్యాక్టీరియాను కూడా మోస్తుంది. దీనికి అడవి అక్కర్లేదు. గోడ పగుళ్లలో, కర్టెన్ వెనక, సోఫా కింద వేల గుడ్లు పెట్టేస్తుంది. అందుకని కుక్కకు మందు వేసి ఊరుకుంటే సరిపోదు, ఇల్లు కూడా శుభ్రం చేయాలి. నెలకో, మూడు నెలలకో ఒకసారి వేసే మాత్రలు ఇప్పుడు వెటర్నరీ డాక్టర్ల దగ్గర దొరుకుతున్నాయి. బరువును బట్టి వాళ్లే చెబుతారు. కుక్కల స్ప్రేలు, పౌడర్లు మనుషులు ట్రెక్‌కు పూసుకుని వెళ్లడం మాత్రం చేయకండి. అలా చేసేవాళ్లున్నారు కాబట్టే రాస్తున్నాను.

టీకా ఉందా?

మనుషులకు లైమ్ టీకా 1998లో అమెరికాలో వచ్చింది, అమ్మకాలు లేక 2002లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత కొత్తవాటి మీద ప్రయోగాలు నడిచాయి. కుక్కలకు మాత్రం అక్కడ టీకా దొరుకుతుంది.

ఊర్లో గేదెల దగ్గర పనిచేసే మా నాన్నకు ఏం చెప్పాలి?

గోమార్లను చేత్తో పీకి గోళ్లతో చిదమొద్దని, కాళ్ల కింద వేసి నలపొద్దని చెప్పండి. పశువుల గోమార్లు మోసే క్రిమియన్-కాంగో జ్వరం గుజరాత్‌లో 2011లో ప్రాణాలు తీసింది. ఆ పురుగు రక్తం చేతి గాయంలోకి పోవడం కూడా ఒక దారే. రబ్బరు గ్లవ్స్ వేసుకుని తీసి కిరోసిన్ డబ్బాలో వేయమనండి. మనిషి ఒంటి మీద వద్దన్న కిరోసిన్ ఇక్కడ పనికొస్తుంది. పశువుకు పట్టించే మందు పశువైద్యశాలలో అడిగి, చెప్పిన పాళ్లలోనే కలపాలి. పంటకు కొట్టే మందు మిగిలింది కదా అని గేదెకు పూస్తే గేదెకూ, పూసిన మనిషికీ ఇద్దరికీ ముప్పే.